లైట్ రైలును శివార్ల దాకా పొడిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నగరంలో ఇప్పటికే నడుస్తున్న లైట్ రైలు మార్గాన్ని శివార్ల దాకా పొడిగించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా చర్చ అంతా పటంలో కొత్తగా గీసిన గీత చుట్టూనే తిరుగుతుంది. ఏ కాలనీ మీదుగా వెళుతుంది, చివరి స్టేషన్ ఎక్కడ, ఎవరి స్థలం పోతుంది అన్నవి న్యాయమైన ప్రశ్నలే. అయితే కొత్త ముక్క బాగా పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు తేలేది పాత మార్గంలోనే, అందులోనూ నగర నడిబొడ్డున. కింది సమాధానాలు ఆ సంగతిని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

లైట్ రైలుకూ మెట్రోకూ తేడా ఎక్కడ ఉంది?

లైట్ రైలు ట్రామ్ నుంచి పుట్టుకొచ్చింది. అవసరమైన చోట వీధిలో మిగతా వాహనాల పక్కనే నడుస్తుంది, వీలున్న చోట తనకంటూ వేరు చేసిన దారిలో గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. మెట్రోకు మొదటి నుంచి చివరి దాకా వంతెనో, సొరంగమో, కంచె వేసిన దారో ఉండి తీరాలి. లైట్ రైలుకు ఆ నిర్బంధం లేదు. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో కూడా తిరుగుతుంది, మామూలు రైలు ఎక్కలేని వాలు ఎక్కుతుంది. సుమారు 30 మీటర్ల పొడవుండే ఒక్కో యూనిట్‌లో నిలబడేవారితో కలిపి దాదాపు 200 మంది పడతారు. రెండు, మూడు, కొన్ని నగరాల్లో నాలుగు యూనిట్లు కలిపి ఒక రైలుగా నడుపుతారు. పైనున్న తీగ నుంచి విద్యుత్తు తీసుకుంటుంది. చాలా చోట్ల అది 750 వోల్టుల డీసీ.

శివార్లకు ఇది నప్పడానికి కారణం ఈ సర్దుబాటు గుణమే. కిక్కిరిసిన నగరంలో నెమ్మదిగా, బయట వేగంగా, ఒకే బండి రెండు రకాలుగానూ నడవగలదు.

పొడిగింపు అంటే చివరి స్టేషన్ దగ్గర పట్టాలు ఇంకొంత దూరం వేయడమే కదా?

పట్టాల వరకే చూస్తే అంతే. రైలు నడిపేవారి వైపు నుంచి చూస్తే మాత్రం మార్గం మొత్తం మారుతుంది. ఇన్నాళ్లూ చివరి స్టేషన్‌లో ఖాళీ రైలు ఎక్కి హాయిగా కూర్చున్నవారు ఇకపై శివార్ల నుంచి అప్పటికే నిండి వచ్చే రైలు ఎక్కవలసి వస్తుంది. మధ్యలోని స్టేషన్లలో ఉన్నవారికి రద్దీ వేళ నిలబడే చోటు కూడా దొరకకపోవచ్చు. పొడవైన మార్గంలో ఆలస్యం కూడా పేరుకుంటుంది: ఊరి అంచున ఒక కూడలిలో చిక్కుకున్న రైలు తన ఆలస్యాన్ని మోసుకొచ్చి నడిబొడ్డున దింపుతుంది, అక్కడ వెనక ఉన్న రైళ్లన్నీ ఆగుతాయి.

అందుకే పొడిగింపు ప్రతిపాదనలో కొత్త స్టేషన్ల వివరాలతో పాటు పాత మార్గంలో చేయవలసిన పనుల జాబితా కూడా ఉందో లేదో చూడాలి. ప్లాట్‌ఫారాలను పొడిగించడం, విద్యుత్ సబ్‌స్టేషన్ల సామర్థ్యం పెంచడం, సిగ్నళ్లు మార్చడం, రైళ్లు ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారే క్రాస్ఓవర్లు కొత్తగా అమర్చడం వంటివి అందులో ఉంటాయి. ఇవి లేని ప్రతిపాదన చవకగా కనిపిస్తుంది. ఆ చవక తర్వాత ఎవరి ఖాతాలో పడుతుందో పాత ప్రయాణికులను అడిగితే తెలుస్తుంది.

నగర మధ్యలోని మార్గం అదనపు రైళ్లను తట్టుకోగలదా?

ఈ పుటలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. వీధిలో నడిచే లైట్ రైలు మార్గం మీద, ట్రాఫిక్ సిగ్నళ్లను దాటుకుంటూ, రెండు నిమిషాలకు ఒక రైలు నడపడం మంచి సామర్థ్యం కిందే లెక్క. అంటే గంటకు ఒక దిశలో 30. ఆలస్యాలను సర్దుకునే వెసులుబాటు కోసం 24 దగ్గర ఆగితే, మూడు శాఖలు కలిసే చోట ఒక్కో శాఖకు వచ్చేది గంటకు ఎనిమిది రైళ్లు మాత్రమే. నాలుగో శాఖ వేస్తే అది ఆరుకు తగ్గుతుంది. శివారులో ఎన్ని కోట్లు పోసి ఎంత చక్కని జంట పట్టాలు వేసినా, నడిబొడ్డు ఇచ్చే వాటా కన్నా ఒక్క రైలు కూడా ఎక్కువ నడపలేం.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ లైట్ రైలు, మెట్రోలింక్, దీనికి చక్కటి నిదర్శనం. 1992లో బరీ, ఆల్ట్రించామ్ అనే రెండు పాత శివారు రైలు మార్గాలను నగర వీధుల గుండా కలిపి అది మొదలైంది. తర్వాత ఎకిల్స్, ఓల్డామ్, రాచ్‌డేల్, ఆష్టన్, విమానాశ్రయం వైపు శాఖలు వేసుకుంటూ పోయారు. ఈ శాఖలన్నిటి భారం నగర మధ్యలోని ఒకే దారి మీద పడటంతో, అక్కడ రెండో దారి కట్టక తప్పలేదు. అది 2017 ఫిబ్రవరిలో పూర్తిగా తెరుచుకుంది. జర్మనీలోని కార్ల్స్‌రూయెది ఇదే కథ, ఇంకాస్త పెద్ద అక్షరాలతో. 1992 నుంచి చుట్టుపక్కల ఊళ్ల రైలు పట్టాల మీదుగా వచ్చే రైళ్లను నేరుగా నగర ప్రధాన వీధిలోకి తెచ్చిన ఈ పద్ధతి ఎంతగా ఆదరణ పొందిందంటే, పాదచారుల వీధిలో రైళ్లు ఒకదాని వెనక ఒకటి గోడ కట్టినట్టు నిలవసాగాయి. చివరికి ఆ వీధి కింద సొరంగం తవ్వి 2021 డిసెంబరులో రైళ్లను కిందికి దించారు. పోర్ట్‌లాండ్‌లో నాలుగు మార్గాల రైళ్లు నదిని దాటడానికి 1912 నాటి స్టీల్ బ్రిడ్జి ఒక్కటే ఆధారం. దాని మీద ఏ చిన్న మరమ్మతు వచ్చినా దాని ప్రభావం పదుల కిలోమీటర్ల అవతల ఉన్న శివారు స్టేషన్లలో తెలుస్తుంది.

రైళ్ల సంఖ్య పెంచలేనప్పుడు పొడవు పెంచడం మరో మార్గం. కాల్గరీలో మూడు యూనిట్ల రైళ్ల కోసం కట్టిన ప్లాట్‌ఫారాలను పొడిగించి, 2015 నుంచి నాలుగు యూనిట్ల రైళ్లు నడుపుతున్నారు. వీధిలోని ప్లాట్‌ఫారం పొడవు మాత్రం రెండు కూడళ్ల మధ్య దూరాన్ని మించకూడదు, లేకపోతే ఆగిన రైలు తోక అడ్డరోడ్డును మూసేస్తుంది.

ఉన్న రైళ్లతోనే పొడిగించిన మార్గం నడపలేమా?

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక చివర నుంచి మరో చివరకు 40 నిమిషాలు పడుతుందని, రెండు చివరలా ఐదేసి నిమిషాలు ఆగుతుందని అనుకుంటే, ఒక రైలు బయలుదేరిన చోటికి తిరిగి రావడానికి 90 నిమిషాలు. ఆరు నిమిషాలకు ఒక రైలు నడపాలంటే 15 రైళ్లు కావాలి. ఇప్పుడు 12 నిమిషాల ప్రయాణం ఉన్న కొత్త ముక్క కలిపితే చుట్టు 114 నిమిషాలవుతుంది. అదే ఆరు నిమిషాల వ్యవధి నిలబెట్టాలంటే 19 రైళ్లు కావాలి; మరమ్మతులో ఉండేవాటికి బదులుగా ఒకటో రెండో అదనం. కొత్త రైళ్లు కొనకుండా 15తోనే సరిపెడితే వ్యవధి ఏడున్నర నిమిషాలు దాటుతుంది, ఆ నష్టం పాత ప్రయాణికులకు కూడా.

ఒకటి విడిచి ఒక రైలును మాత్రమే కొత్త చివర దాకా పంపి, మిగతావాటిని పాత చివరి స్టేషన్‌లోనే వెనక్కి తిప్పే పద్ధతి కూడా ఉంది. పై లెక్కలో దానికి 17 రైళ్లు చాలు. ఆదా అయ్యేది రెండే, శివారు స్టేషన్లలో మాత్రం 12 నిమిషాలకు ఒక రైలే దొరుకుతుంది. ఆరు నిమిషాలకు ఒక రైలు ఉన్న చోట ఎవరూ సమయపట్టిక చూడరు, 12 నిమిషాలకు ఒకటి ఉన్న చోట చూసుకుని బయలుదేరతారు, ఆ తేడాకు కొంతమంది కారు తాళాలే తీసుకుంటారు. పైగా వెనక్కి తిరిగే రైళ్ల కోసం పాత చివరి స్టేషన్‌లో మూడో పట్టా ఉండాలి. అది లేకపోతే ప్రతి రైలూ వెనక వచ్చేదానికి అడ్డమే.

కొత్త రైళ్లు రాత్రిపూట ఎక్కడ ఉంటాయి?

డిపోలో. పట్టించుకోని ప్రశ్నల్లో ఇది మొదటిది. రైళ్లు నిలపడానికి, కడగడానికి, చక్రాల అరుగుదలను సరిచేసే యంత్రానికి, మరమ్మతు షెడ్లకు చాలా ఎకరాల చదునైన స్థలం కావాలి, అది మార్గానికి ఆనుకుని ఉండాలి. డిపో అంతా మార్గానికి ఒకే కొసన ఉంటే, తెల్లవారుజామున మొదటి రైలు మరో కొసకు చేరడానికి గంటసేపు ఖాళీగా పరుగెత్తాలి.

సియాటిల్‌లో 2024 ఆగస్టు 30న లిన్‌వుడ్ వైపు పొడిగింపు తెరిచినప్పుడు ఈ చిక్కు స్పష్టంగా కనిపించింది. సరస్సుకు తూర్పున కొత్త డిపో సిద్ధంగానే ఉంది, కానీ దాన్ని ఈ మార్గంతో కలిపే సరస్సు దాటే భాగం అప్పటికి పూర్తి కాలేదు. దాంతో ఈ ఒడ్డున నిలపగలిగిన రైళ్ల సంఖ్యే ఎన్ని నడపవచ్చో నిర్ణయించింది, రద్దీ మీద ముందుగానే హెచ్చరికలు ఇవ్వవలసి వచ్చింది.

దారి ఎలా ఎంచుకుంటారు? రోడ్డు మధ్యలోనా, పాత రైలు పట్టాల మీదా, హైవే పక్కనా?

మూడింటికీ మూడు రకాల లాభనష్టాలున్నాయి. వాడుకలో లేని లేదా తక్కువగా వాడే రైలు మార్గం దొరికితే భూసేకరణ తలనొప్పి చాలావరకు తప్పుతుంది, వాలు, మలుపులు ముందే సరిచేసి ఉంటాయి. శాన్ డియాగో 1981లో మెక్సికో సరిహద్దు దాకా వేసిన మొదటి మార్గం సరుకు రైళ్ల పట్టాలను వాడుకున్నదే. పగలు ప్రయాణికుల రైళ్లు, రాత్రి సరుకు రైళ్లు నడిచే ఏర్పాటుతో రెండూ ఒకే దారిని పంచుకున్నాయి. సిడ్నీలో డల్విచ్ హిల్ దాకా 2014లో వేసిన పొడిగింపు మూతబడ్డ సరుకు రైలు మార్గం మీదిదే. డబ్లిన్‌లో లూవాస్ అనే లైట్ రైలు వ్యవస్థలోని గ్రీన్ లైన్ 2004లో మొదలైనప్పుడు, దశాబ్దాల కిందట మూసేసిన హార్కోర్ట్ స్ట్రీట్ రైలు మార్గం దానికి దారి ఇచ్చింది. ఇలాంటి మార్గాలతో ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది, అవి జనం ఉన్న చోటికి కాక ఒకప్పటి గోదాములూ ఫ్యాక్టరీలూ ఉన్న చోటికి పోతాయి.

హైవే పక్కన లేదా మధ్యలో వేయడం ఇంజనీర్లకు సులువు, ప్రయాణికులకు శిక్ష. స్థలం ప్రభుత్వానిదే, కూడళ్లు లేవు, వేగం బాగుంటుంది. కానీ స్టేషన్ నుంచి నడిచి చేరగల దూరంలో సగం తారురోడ్డే ఆక్రమిస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడినవారు ఆరేసి వరుసల వాహనాల మోత మధ్య నిరీక్షించాలి, బయటికి రావడానికి పొడవాటి వంతెన ఎక్కి దిగాలి. చుట్టూ ఇళ్లు, దుకాణాలు కట్టడానికి స్థలమే ఉండదు. పటం మీద చవకైన గీతగా కనిపించే ఈ దారిని ఒప్పుకునే ముందు, ప్రతిపాదిత స్టేషన్ నుంచి దగ్గరలోని ఇంటి గుమ్మం దాకా ఒకసారి నడిచి చూడటం మేలు.

రోడ్డు మధ్య వేసే మార్గం జనం మధ్యలోకి వెళుతుంది. అందుకు ప్రతిగా వాహనాల వరుసలు తగ్గించాలి, కూడళ్లలో రైలుకు సిగ్నల్ ప్రాధాన్యం ఇవ్వాలి. రైలు దగ్గరికి వస్తోందని పట్టాల్లోని పరికరం ముందే కబురు పంపితే సిగ్నల్ తన పచ్చ దీపాన్ని కొన్ని సెకన్లు పొడిగించడమో, ఎర్ర దీపాన్ని త్వరగా ముగించడమో చేస్తుంది. ఈ ఏర్పాటు డిజైన్‌లో ఉండి, కార్లు ఆగుతున్నాయన్న ఫిర్యాదులతో తర్వాత ఆపేసిన రైలు మార్గం, ఖరీదైన బస్సుగా మిగులుతుంది.

స్టేషన్లు ఎంత దూరానికి ఒకటి ఉండాలి? మా కాలనీకీ ఒకటి ఇస్తే నష్టమేమిటి?

ఒక స్టేషన్‌లో ఆగడం అంటే వేగం తగ్గించడం, తలుపులు తెరిచి మూయడం, మళ్లీ వేగం అందుకోవడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలుకు ఇందువల్ల సుమారు 40 సెకన్లు పోతాయి. ఐదు స్టేషన్లు అదనంగా పెడితే ఒక దిశలో మూడు నిమిషాల పైన, రానుపోను ఆరు నిమిషాల పైన. ఇందాకటి లెక్కలో అది ఇంకో రైలు కొనాల్సినంత సమయం. అందుకే నగరంలో 400 నుంచి 600 మీటర్లకు ఒకటి ఉండే స్టేషన్లు శివార్లలో కిలోమీటరు, అంతకు మించిన దూరాల్లో ఉంటాయి.

దూరం కన్నా చేరే దారి ముఖ్యం. 500 మీటర్ల దూరంలో ఉన్న స్టేషన్‌కు ప్రహరీ గోడలు చుట్టి, కాలువ దాటి, 1,200 మీటర్లు నడవవలసి వస్తే అది 1,200 మీటర్ల దూరంలో ఉన్న స్టేషనే. ఒక చిన్న కాలిబాట వంతెన రెండు కొత్త స్టేషన్ల పని చేయగల సందర్భాలున్నాయి.

ఇంత ఖర్చు బదులు బస్సులు పెంచితే సరిపోదా?

చాలా శివార్లకు సరిపోతుంది, దాన్ని దాచనవసరం లేదు. గంటకు వెయ్యి, పదిహేను వందల మంది ఒక దిశలో వెళ్లే దారిలో ప్రత్యేక వరుస ఉన్న మంచి బస్సు సర్వీసే తెలివైన పని. ప్రయాణికులు పెరిగేకొద్దీ బస్సులకు కూడా నడిబొడ్డు సమస్యే ఎదురవుతుంది. ఒట్టావాలో బస్సుల కోసమే కట్టిన ప్రత్యేక దారులు శివార్లలో చక్కగా పనిచేసినా, ఆ బస్సులన్నీ నగర మధ్యలోని రెండు వీధుల్లోకి చేరేసరికి వరుసగా నిలిచిపోయేవి. చివరికి ఆ మధ్య భాగాన్ని సొరంగంతో కూడిన లైట్ రైలుగా మార్చి 2019లో ప్రారంభించారు. అప్పటిదాకా ఒకే బస్సులో గమ్యం చేరినవారు మధ్యలో దిగి రైలు ఎక్కవలసి రావడం, తొలి ఏళ్లలో ఆ రైలు తరచూ మొరాయించడం వల్ల అసంతృప్తి కూడా అంతే గట్టిగా వ్యక్తమైంది.

రైలు వచ్చాక ఆ దారిలోని నేరు బస్సులు తీసేసి, స్టేషన్‌కు చేర్చే ఫీడర్ బస్సులు పెట్టడం మామూలుగా జరిగేదే. మారే చోట నిరీక్షణ ఐదు నిమిషాలలోపు ఉండి, బస్సు ప్లాట్‌ఫారం పక్కనే ఆగి, ఒకే టికెట్ రెండింటికీ చెల్లితే జనం అలవాటు పడతారు. ఈ మూడింటిలో ఏది లోపించినా పడరు.

అంచనా వ్యయం ప్రతిసారీ ఎందుకు పెరుగుతుంది?

ప్రధాన కారణం భూమి కింద ఉంటుంది. వీధి కింద నీటి పైపులు, మురుగు కాలువలు, గ్యాసు గొట్టాలు, విద్యుత్, టెలిఫోన్ కేబుళ్లు పొరలు పొరలుగా ఉంటాయి, వాటి పాత పటాలు నిజంతో సరిపోలడం అరుదు. పట్టాల కింద పైపు పగిలితే రైళ్లు ఆపి తవ్వాలి కాబట్టి ముందే వాటిని పక్కకు మారుస్తారు. పైపులను మార్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. తీగ నుంచి వచ్చిన విద్యుత్తు పట్టాల గుండానే సబ్‌స్టేషన్‌కు తిరిగి వెళుతుంది. పట్టాల చుట్టూ రబ్బరు తొడుగు సరిగా లేకపోతే కొంత విద్యుత్తు నేలలోకి జారి, దగ్గరలోని ఇనుప పైపును దారిగా చేసుకుని, అది బయటికి వచ్చే చోట ఆ లోహాన్ని కొరికేస్తుంది. ఏళ్ల తర్వాత బయటపడే ఈ నష్టాన్ని తప్పించడానికే అంత హడావుడి.

ఎడిన్‌బరోలో ఈ భూగర్భ పనులు, గుత్తేదారుతో వివాదాలు కలిసి మార్గాన్నే కుదించాయి. విమానాశ్రయం నుంచి న్యూహేవెన్ దాకా 545 మిలియన్ పౌండ్ల నిధులతో తలపెట్టిన మార్గం, 776 మిలియన్ పౌండ్లు ఖర్చయ్యాక నగర మధ్యలోని యార్క్ ప్లేస్ దగ్గర ఆగిపోయి 2014 మే 31న మొదలైంది. మిగిలిన ముక్కను 207 మిలియన్ పౌండ్ల అంచనాతో విడిగా చేపట్టి 2023 జూన్ 7న తెరిచారు. రెండోసారి పని మెరుగ్గా సాగింది.

వ్యయం పెరగడానికి రెండో కారణం ఆడంబరం మీద మోజు. బోస్టన్ గ్రీన్ లైన్‌ను సోమర్‌విల్, మెడ్‌ఫర్డ్ వైపు పొడిగించే పనికి 2015లో అంచనా దాదాపు 3 బిలియన్ డాలర్లకు చేరడంతో, పని ఆపి, స్టేషన్ భవనాలను సాదాసీదా ప్లాట్‌ఫారాలుగా కుదించి మళ్లీ మొదలుపెట్టారు. 2022 మార్చిలో ఒక శాఖ, డిసెంబరులో మరో శాఖ తెరుచుకున్నాయి. పైకప్పు చిన్నదైనందుకు రైలు ఎక్కడం మానేసినవారు లేరు. తీరా 2023లో తేలిందేమిటంటే, పట్టాల మధ్య దూరం ఉండవలసిన దానికన్నా చాలా చోట్ల తక్కువగా ఉంది. కొత్త మార్గం మీద రైళ్లు నత్తనడక నడవవలసి వచ్చింది, పట్టాలను మళ్లీ సరిచేశారు. స్టేషన్ల అందం మీద ఆదా చేయవచ్చు, పట్టాల కొలత మీద పర్యవేక్షణను ఆదా చేయకూడదు.

మొదట ఒంటి పట్టా వేసి, తర్వాత రెండోది వేయవచ్చా?

వేయవచ్చు, కానీ ఎదురుబదురు రైళ్లు దాటుకునే చోట్లే సమయపట్టికను శాసిస్తాయి. ఒక రైలు రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎదురు రైలు కూడా రెండు నిమిషాలు ఆగుతుంది. మార్గం కొసన ఉన్న చిన్న ముక్కకు ఇది పరవాలేదు. అలా చేసినప్పుడు రెండో పట్టాకు సరిపడా వంతెనలూ స్థలమూ మొదటే సిద్ధం చేయాలి. నడుస్తున్న మార్గం పక్కన కొత్త వంతెన కట్టడం రెండింతల శ్రమ.

ఇళ్లు రాకముందే రైలు వేయాలా, వచ్చాకా?

ముందే వేస్తే స్థలం చవక, తవ్వకాలు సులువు, కొత్తగా వచ్చేవారు మొదటి రోజు నుంచే రైలుకు అలవాటు పడతారు. ప్రమాదం ఏమిటంటే ఇళ్లు అనుకున్నప్పుడు రాకపోవచ్చు. డబ్లిన్ గ్రీన్ లైన్‌ను 2010 అక్టోబరులో చెర్రీవుడ్ దాకా పొడిగించారు. అందులో కొంత నిధి మార్గం పక్కన కట్టబోయే భవనాల మీద వేసిన రుసుము నుంచి రావలసి ఉంది. సరిగ్గా అప్పుడే ఐర్లండ్‌లో స్థిరాస్తి రంగం కుప్పకూలింది. ప్లాట్‌ఫారాలు కట్టి సిద్ధంగా ఉన్నా బ్రెనన్స్‌టౌన్, రేస్‌కోర్స్ స్టేషన్లను తెరవలేదు. ఏళ్ల తరబడి రైళ్లు ఖాళీ పొలాల మధ్య వాటిని దాటుకుంటూ పోయాయి. ఆ తర్వాత చెర్రీవుడ్ వైపు ఇళ్లు లేవడం మొదలైంది, రైలు అప్పటికే అక్కడ ఉంది.

ఇలాంటి ఒడుదొడుకు తట్టుకోలేని నగరం ఇప్పటికే జనం ఉన్న శివారునే ముందు చేరుకోవాలి. ఏ సందర్భంలోనైనా స్టేషన్ చుట్టూ ఉన్న భూమి మీద ఏం కట్టవచ్చన్న నిబంధనలు మార్గం ఖరారైన రోజే ఖరారు కావాలి. ఆలస్యమైతే ముందు భూములు కొని పెట్టుకున్నవారే లాభపడతారు. అద్దెకు ఉన్నవారి మీద భారం పెరిగే మాట కూడా నిజమే, కాబట్టి స్టేషన్ దగ్గర అందుబాటు ధరల ఇళ్లకు కొంత స్థలం ముందే కేటాయించడం అవసరం.

స్టేషన్ల దగ్గర పెద్ద పార్కింగ్ ఉండాలా?

చివరి స్టేషన్‌లో ఉండాలి. అంతకు అవతలి ఊళ్ల నుంచి వచ్చేవారికి అదే దారి. మధ్య స్టేషన్లలో మాత్రం పార్కింగ్ స్థలం వల్ల నష్టమే ఎక్కువ: ఒక కారు ఆక్రమించే చోటు రోజుకు ఒకరిద్దరు ప్రయాణికులనే ఇస్తుంది, అదే చోట నాలుగంతస్తుల భవనం ఉంటే అంతకు ఎన్నో రెట్లు.

శబ్దం, కంపనం సంగతి ఏమిటి?

తిన్నని దారిలో లైట్ రైలు శబ్దం బస్సు కన్నా ఎక్కువేమీ కాదు. ఇబ్బంది ఇరుకు మలుపుల్లో వస్తుంది. ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాల్లో బయటిది ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం తిరగాలి. రెండూ కలిసే తిరగాలి, ఇరుసు మలుపు వెంట పూర్తిగా తిరగడమూ కుదరదు, అందుకే చక్రం పట్టా మీద పక్కకు జారుతూ చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. మలుపు దగ్గర కందెన చిమ్మే పరికరం పెట్టడం, చక్రాలను, పట్టాలను ఎప్పటికప్పుడు నునుపు చేయించడం దీనికి మందు. మీ ఇంటి ముందు మలుపు వస్తుంటే దాని వ్యాసార్ధం ఎంత, కందెన పరికరం డిజైన్‌లో ఉందా, దాన్ని ఎవరు నిర్వహిస్తారు అని లిఖితంగా అడగండి. ఆసుపత్రులు, ప్రయోగశాలల పక్కన పట్టాల కింద కంపనాన్ని పీల్చే రబ్బరు పరుపుల మీద కాంక్రీటు పలకలు వేస్తారు, వాటిని తర్వాత చేర్చడం దాదాపు అసాధ్యం.

రోడ్డు మీద రైలు అంటే ప్రమాదాలు పెరగవా?

మొదటి ఏడాది పెరిగే అవకాశం ఉంది. హ్యూస్టన్‌లో 2004లో లైట్ రైలు మొదలైనప్పుడు, పట్టాలకు అడ్డంగా మలుపు తిరిగే కార్లు వరుసగా రైళ్లను ఢీకొన్నాయి. సడన్‌గా ఆగడం, పక్కకు తప్పుకోవడం రైలుకు సాధ్యం కాదు. మలుపులకు విడి సిగ్నల్ దశ ఇవ్వడం, కొన్ని మలుపులను పూర్తిగా మూసేయడం, పాదచారులు పట్టాలు దాటే చోట రైలు వచ్చే దిక్కుకు ముఖం తిరిగేలా కంచెలను మెలిక తిప్పడం వంటి చర్యలు పనిచేస్తాయి. మార్గం తెరిచే ముందు కొన్ని నెలలపాటు ఖాళీ రైళ్లు తిప్పేది డ్రైవర్ల శిక్షణకే కాదు, వీధిలో తిరిగేవారికి అలవాటు కావడానికి కూడా. ఆ రోజుల్లో రైలు ఖాళీగా ఉంది కదా అని ముందునుంచి దాటేవారే ఎక్కువ.

పని జరిగేటప్పుడు దుకాణాల పరిస్థితి ఏమిటి?

కష్టమే. వీధి మొత్తాన్ని ఒకేసారి తవ్వకుండా చిన్న చిన్న భాగాలుగా తవ్వి, ఒక భాగం పూర్తిగా మూసి రోడ్డు వేశాకే తర్వాతి భాగం మొదలుపెట్టాలన్న షరతు గుత్తేదారు ఒప్పందంలోనే ఉండాలి. పైపులవారు ఒకసారి, పట్టాలవారు ఒకసారి, కరెంటువారు మరోసారి అదే వీధిని తవ్వడమే వ్యాపారాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. పరిహారం ఉంటే అది పని నడుస్తుండగానే అందాలి. దుకాణం మూసేశాక వచ్చే చెక్కు ఎవరికీ పనికిరాదు.

ఈ పొడిగింపు తర్వాత ఇంకా ముందుకు వెళ్లగలదా?

చివరి స్టేషన్ ఎలా కట్టారో చూస్తే చెప్పవచ్చు. పట్టాలు ప్లాట్‌ఫారం దాటి మరికొంత దూరం సాగి ఆగితే, ఆ ముక్క ప్రస్తుతం రైళ్లు నిలపడానికి పనికొస్తుంది, రేపు అక్కడి నుంచే మార్గం ముందుకు పోతుంది. పట్టాలు ఒక భవనపు గోడకు ఎదురుగా ఆగితే, ముందుకు పోవాలన్నప్పుడు ఆ స్టేషన్‌ను పగలగొట్టి కట్టాలి, అన్ని నెలలూ రైళ్లు ముందరి స్టేషన్ దగ్గరే వెనక్కి తిరగాలి. డిజైన్ పటాలు ప్రజల ముందు పెట్టినప్పుడు చివరి ప్లాట్‌ఫారం అవతల ఎన్ని మీటర్ల పట్టా గీశారో, ఆ తర్వాతి స్థలం ఎవరి పేరున ఉందో అడిగి తెలుసుకోవచ్చు. ముందుకు వెళ్లే ఉద్దేశం నిజంగా ఉంటే, నడిబొడ్డున ఆ అదనపు రైళ్లకు వాటా ఎక్కడి నుంచి వస్తుందో కూడా అదే సమావేశంలో అడగాలి.